చదువు పలకకు పాటలు కావలెనా?

(సంఘ వార్షికోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



పుస్తకమును గూర్చి ప్రసంగించునపుడు తెలుగువారు కవిని గూర్చియు, కథను గూర్చియు మాటలాడుదురే కాని కాగితమును గూర్చి గాని, కుట్టును గూర్చి గాని మాటలాడుట అరుదు. అది న్యాయమే. భోజనమునకు కూర్చున్నవాడు పప్పును మెచ్చుకొనును, పులుసును మెచ్చుకొనును, విస్తరిని మెచ్చుకొనడు. అయినను విస్తరి చిరిగి పులుసు నేలపాలైనపుడు దాని ప్రాముఖ్యము వెంటనే తెలిసివచ్చును. ఇప్పుడు చదువరి యెదుట ఆ విస్తరియే మారుచున్నది. తాటాకు పోయి కాగితము వచ్చినట్లే, కాగితము పక్కన ఈ-రీడరు అను చిన్న పలక వచ్చి కూర్చున్నది. ద్వారకలో మెట్రో ఎక్కి కేంద్ర సచివాలయము స్టేషనులో దిగు ఉద్యోగుల చేతులలో అది అక్కడక్కడ కనబడుచున్నది.

ఈ పలక చదువుటకు మాత్రమే ఉండవలెనా, లేక పాట, చలనచిత్రము, ఆట మొదలైనవి కూడ దానిలో చేరవలెనా అనునదియే నేటి ప్రశ్న. ఇండ్లలో దీని మీద చిన్న వివాదములు నడుచుట కలదు. పదవీ విరమణకు దగ్గరపడిన తండ్రి కండ్లకు హాయిగా ఉండునని ఈ-రీడరు కొనదలచును. “నాన్నగారూ, అంత డబ్బు పోసి అక్షరములు మాత్రమే చూపు పలకను కొనుట యెందుకు? ఇంకొంచెము వేసినచో పాటలు, సినిమాలు, వార్తలు అన్నియు వచ్చు ట్యాబ్లెట్టే దొరకును గదా” అని కుమారుడనును. “అన్నియు వచ్చునను భయముతోనే వద్దనుచున్నానురా” అని తండ్రి యనును. ఇద్దరి మాటలోను సత్యమున్నది. కాని ఇద్దరును మాటలాడుచున్నది ఒకే వస్తువును గూర్చి కాదు. ఆ భేదము తెలియవలెనన్నచో పలక లోపల జరుగునదేమో కొంచెము చూడవలెను.

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన మీడియా లాబొరేటరీలో జోసెఫ్ జేకబ్సన్ అను ఆచార్యుడును, బారెట్ కొమిస్కీ, జె. డి. ఆల్బర్ట్ అను విద్యార్థులును కలిసి విద్యుత్తుతో నడుచు సిరాను రూపొందించిరి. ఆ సిరా పేరుతోనే 1997లో ఈ ఇంక్ అను సంస్థ స్థాపింపబడెను. ఆ సిరాలో వెంట్రుక మందము మాత్రమే ఉండు లక్షల కొలది గుళికలుండును. ప్రతి గుళికలోను పారదర్శకమైన ద్రవమును, అందులో తేలు తెల్లని, నల్లని రేణువులును ఉండును. తెల్లవానికి ఒక జాతి విద్యుత్తును, నల్లవానికి దానికి ప్రతికూలమైన విద్యుత్తును ఇచ్చి యుంచుదురు. అడుగునుండి విద్యుత్తును తగురీతిగా మార్చినపుడు ఒకచోట తెల్లనివి పైకి తేలును, ఇంకొకచోట నల్లనివి తేలును. తేలిన నలుపే అక్షరము.

ఇందులోని విశేషము ఏమనగా, అక్షరము ఒకసారి ఏర్పడిన పిదప దానిని నిలుపుటకు విద్యుత్తు అక్కరలేదు. ముంగిట ముగ్గు పెట్టుటకే శ్రమ. పెట్టిన ముగ్గు నిలుచుటకు శ్రమ లేదు. పుట తిప్పినపుడు మాత్రమే ముగ్గు చెరిపి మరల పెట్టినట్లగును. అందుచేతనే ఈ పలకలు ఒక్కసారి చార్జి చేసినచో వారముల తరబడి పనిచేయును. పైగా అక్షరము తనంతట తాను వెలుగదు. కాగితము వలెనే బయటి వెలుతురును తిప్పి పంపును. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఫోను తెర మసకబారిపోవును గాని ఈ పుట మరింత స్పష్టమగును. రాత్రివేళ చదువుటకు అంచులనుండి పుట మీద పరచుకొను దీపమును తరువాత చేర్చిరి.

అయితే ఆ రేణువులు ద్రవములో ఈదవలెను గదా! దానికి సెకనులో కొంత భాగము పట్టును. సినిమా కదలవలెనన్నచో సెకనుకు 24 బొమ్మలు మారవలెను. ఈదునది ఆ వేగమును అందుకొనలేదు. కావున ఈ-రీడరులో చక్కని చలనచిత్రము లేకపోవుట తయారుచేయువారి పిసినారితనము కాదు. ఆ సిరా స్వభావము. సినిమా కావలెనన్నచో ఆ సిరాను తీసివేసి, తానుగా వెలుగు తెరను పెట్టవలెను. అప్పుడు బ్యాటరీ వారములనుండి గంటలకు దిగును, ఎండలో చదువు పోవును, బరువు పెరుగును. అనగా ఈ-రీడరునకు సినిమా చేర్చుట అసాధ్యమైన పని; ఈ-రీడరును మాని ట్యాబ్లెట్టు కొనుట మాత్రమే సాధ్యమైన పని. కుమారుడు చెప్పిన ‘ఇంకొంచెము’ అను మాటలో ఇంత యున్నది.

ఇక పాటల సంగతి. సోనీ సంస్థ 2004లో జపానులో ఈ సిరాతో లిబ్రియె అను మొదటి పఠన యంత్రమును విక్రయించెను. అమెజాన్ సంస్థ కిండిల్‌ను 2007 నవంబరు 19న విడుదల చేసెను. వెల 399 డాలర్లు. తెచ్చిన సరకంతయు అయిదున్నర గంటలలో అమ్ముడుపోయెను. పుస్తకము చదువరి చేతిలో ఉన్న సంగతియే మరపునకు రావలెననియు, పలక కూడ అట్లే ఉండవలెననియు ఆ సంస్థాధిపతి జెఫ్ బెజోస్ చెప్పుచు వచ్చెను. అయినను ఆ మొదటి పలకలోనే పాటలు వినుటకు ఏర్పాటును, చెవిలో పెట్టుకొను తీగకు రంధ్రమును, నాసిరకపు ఇంటర్నెట్టు బ్రౌజరును ఉండెను. పెట్టినవారే వానిని ‘ప్రయోగాత్మకము’ అని పేర్కొనిరి. చదువునపుడు వెనుక సంగీతము మ్రోగుట వలన రసము పెరుగునని కొందరి తలపు. కొనువారు మాత్రము దానికొరకు కొనలేదు.

2009లో బార్న్స్ అండ్ నోబుల్ అను పుస్తక వ్యాపారులు నూక్ అను పలకను తెచ్చి, సిరా పుట క్రింద ఒక రంగుల తెర పట్టీని అమర్చిరి. పంచెకు జరీ అంచు వేసినట్లుండెను. రెండేండ్లు తిరుగకమునుపే, 2011లో, వారే ఆ పట్టీని తీసివేసి సాదా నూక్‌ను అమ్మిరి. అమెజాన్ వారి పలకలలో కూడ 2012లో వచ్చిన పేపర్‌వైట్ నాటికి స్పీకరును, చెవితీగ రంధ్రమును మాయమైనవి. రంగులు, సినిమాలు కోరువారికొరకు 2011లో కిండిల్ ఫైర్ అను వేరు ట్యాబ్లెట్టును తయారుచేసిరి. ఏ సమితియు కూర్చుండి తీర్మానింపలేదు గాని, అయిదేండ్లలో బజారే రెండు దారులుగా చీలెను. సర్కారు ఫైలునకు అవసరములేని అనుబంధములు చేర్చుకొనుచు పోయినచో అసలు నోటు ఏ పుటలోనున్నదో వెదకుకొనవలసి వచ్చునని ఈ సభలోనివారికి వేరుగ చెప్పవలసిన పని లేదు.

పరికరమును విడిచి పుస్తకమునే బహురూపిగా మార్చుటకు కూడ ప్రయత్నములు జరిగినవి. 2009 అక్టోబరులో సైమన్ అండ్ షూస్టర్ అను ప్రచురణకర్తలు ‘వూక్’ అను పేరుతో, వచనము నడుమ నడుమ వీడియోలు పొదిగిన నాలుగు పుస్తకములను విడుదల చేసిరి. 2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ వచ్చినది మొదలు ఇట్టివి ముమ్మరమైనవి. చదువు వేగమును బట్టి వర్షపు చప్పుడు, తలుపు కిర్రుమనుట వంటి ధ్వనులు వినిపించు బుక్‌ట్రాక్ అను పద్ధతి 2011లో బయలుదేరెను. ఇప్పుడు వెనుదిరిగి చూచినచో వీనిలో నిలిచినవి మిక్కిలి కొద్ది. నవలలో వాన కురియునపుడు ఆ వానను కురిపించువాడు చదువరియే. రచయిత రెండు మాటలలో మబ్బు పట్టించును. తడియుట చదువరి వంతు. ఆ వానను యంత్రము తెచ్చి చెవిలో పోసినచో చదువరికి మిగులు పని యేమున్నది? పని లేని చదువరి నిద్రపోవును, లేక వేరుచోటికి పోవును.

అయినను ఇట్టి ప్రయత్నములన్నియు వ్యర్థములని తోసివేయుట పక్షపాతమగును. 2011 జూన్‌లో టచ్ ప్రెస్, ఫేబర్ సంస్థలు కలిసి టి. ఎస్. ఎలియట్ రచించిన ‘ది వేస్ట్ ల్యాండ్’ కావ్యమును ఐప్యాడ్‌కొరకు సిద్ధము చేసిరి. 1922లో ప్రకటింపబడిన ఆ కావ్యము 434 పంక్తులది. ఆంగ్ల పండితులకే కొరకరాని కొయ్య. ఆ ప్రతిలో ఎలియట్ స్వయముగా చదివిన కంఠధ్వనియు, టెడ్ హ్యూస్, ఎలెక్ గిన్నెస్ మొదలైనవారి పఠనములును, ఫియోనా షా అను నటి అభినయించి చెప్పిన చిత్రమును ఉన్నవి. చదువబడుచున్న పంక్తి తెర మీద గుర్తింపబడుచుండును. వ్రాతప్రతి పుటలను తెరచి ఎజ్రా పౌండ్ ఎక్కడెక్కడ కలము పెట్టి కొట్టివేసెనో చూడవచ్చును. ఇందులో పాట యున్నది, బొమ్మ యున్నది, చలనచిత్రమున్నది. అయినను ఇది పాఠకుని కావ్యమునుండి బయటికి లాగలేదు. ప్రతి అదనపు వస్తువును అతనిని మరల ఆ పంక్తికే తెచ్చి నిలుపును. వూక్‌కును దీనికిని ఉన్న తేడా అదియే. పద్యమును కంఠమునుండి విడదీయుటయే కృత్రిమమని తెలుగువారికి ఒకరు చెప్పవలెనా? యతిప్రాసలు కంటికి కట్టిన అలంకారములు కావు గదా.

పిల్లల పుస్తకముల విషయమున ఈ తేడాను పరిశోధకులు కొలిచి చూచిరి. న్యూయార్కులోని జోన్ గంజ్ కూనీ సెంటరువారు 2012లో 32 జతల తల్లిదండ్రులను, మూడు మొదలు ఆరేండ్ల వయస్సుగల వారి బిడ్డలను కూర్చుండబెట్టి కథలు చదివించిరి. ఆటలు, నొక్కినచో కదలు బొమ్మలు చేర్చిన ఈ-పుస్తకమును చదివినవారికంటె అచ్చు పుస్తకమును చదివిన పిల్లలకు కథలోని వివరములు ఎక్కువ జ్ఞాపకమున్నవి. తల్లి కూడ ‘అది నొక్కకు, ఇది తాకకు’ అనుటతోనే సరిపుచ్చెను గాని కథను గూర్చి మాటలాడుట తగ్గెను. 2015లో తకాక్స్, స్వార్ట్, బస్ అను మువ్వురు 43 పరిశోధనలను, 2,147 మంది పిల్లల ఫలితములను ఒకచో చేర్చి పరిశీలించిరి. కథకు తగినట్లు కదలు బొమ్మయు, తగిన ధ్వనియు పిల్లలకు కథ తెలియుటలో సహాయమే చేసినవి. నడుమ నడుమ నొక్కవలసిన ఆటలు, తలుపులు, బుడగలు మాత్రము అడ్డము వచ్చినవి. బామ్మ కథ చెప్పుచు చేతులు త్రిప్పినచో పిల్లవాడు మరింత వినును. ఆ నడుమ ఎవరో వచ్చి బొంగరము చేతికిచ్చినచో కథ పోవును. శాస్త్రము చెప్పినదానికిని బామ్మ యెరిగినదానికిని ఇక్కడ భేదము లేదు.

అలంకారములు లేని సాదా ఈ-రీడరు కూడ నిర్దోషి కాదు. నార్వేకు చెందిన ఆన్ మాంగెన్ మొదలైనవారు 2019లో ప్రకటించిన పరిశోధనలో 50 మందికి 28 పుటల కథ నొకదానిని ఇచ్చి, సగము మందిచే కాగితము మీదను, సగము మందిచే కిండిల్ మీదను చదివించిరి. కథ తెలియుటలో చాలవరకు భేదము లేదు. కాని ఏ సంఘటన ముందు, ఏది వెనుక అని వరుస చెప్పుటలో కిండిల్ చదువరులు వెనుకబడిరి. ఎడమచేతి క్రింద చదివిన పుటల మందము, కుడిచేతి క్రింద మిగిలిన పుటల మందము వ్రేళ్ళకు తెలియుచుండుట పుస్తకములోని ఒక వరము. పలకలో అది లేదు. కావున తయారుచేయువారికి నిజముగా బుద్ధి పెట్టవలసిన అదనపు సౌకర్యమొకటి ఇక్కడ కాచుకొని యున్నది. అది పాట కాదు. ఎక్కడ ఉన్నానో చదువరికి తెలియజేయు ఉపాయము.

ఇంతవరకు చెప్పినది కండ్లున్నవారి సంగతి. కండ్లు లేనివారి విషయమున ప్రశ్న తలక్రిందులగును.

2009 ఫిబ్రవరిలో వచ్చిన రెండవ కిండిల్ పుస్తకమును గట్టిగా చదివి వినిపించెను. యంత్రకంఠమే, రాగము లేదు, విరుపు లేదు. అయినను అంధులకు అది తలుపు తెరచినట్లయ్యెను. అమెరికాలోని రచయితల సంఘము ఆథర్స్ గిల్డ్ వెంటనే అభ్యంతరము చెప్పెను. వినిపించు హక్కు వేరు, దానికి వేరుగ వెల చెల్లవలెను అని వారి వాదము. ఆ నెలాఖరునకే అమెజాన్ వెనుకకు తగ్గి, ఏ పుస్తకము మాటలాడవలెనో హక్కుదారులే నిర్ణయించుకొనవచ్చునని ప్రకటించెను. ఏప్రిల్‌లో అంధులును, ఇతర వికలాంగులును న్యూయార్కులో ఆ రచయితల సంఘ కార్యాలయము ముందు నిరసన తెలిపిరి. రచయితల పొట్ట కొట్టవలెనని వారి కోరిక కాదు. పుస్తకము కొని చదువుకొనుటకే వారు వీధిలో నిలువబడిరి.

అంతకంటె విచిత్రమైనది విశ్వవిద్యాలయముల ఉదంతము. అదే సంవత్సరము పెద్ద పుట గల కిండిల్ డీఎక్స్‌ను పాఠ్యపుస్తకములకు బదులుగా కొన్ని విద్యాలయములు ప్రయోగించి చూచినవి. అది పుస్తకమును చదివి వినిపించును గాని, ఏ పుస్తకము తెరవవలెనో, ఆ చదువు ఎక్కడ మొదలుపెట్టవలెనో తెలుపు పట్టికలు మాత్రము మూగవి. చూడగలవాడు మీట నొక్కిననే గాని చూడలేనివాడు వినజాలడు! 2009 జూన్‌లో అమెరికా అంధుల సంఘములు రెండును, ఒక అంధ విద్యార్థియు అరిజోనా స్టేట్ యూనివర్సిటీ మీద వ్యాజ్యము వేసిరి. 2010 జనవరిలో అది రాజీ అయ్యెను. అదే సంవత్సరము వచ్చిన తరువాతి కిండిల్‌లో పట్టికలు కూడ మాటలాడెను. అయితే ముందు చెప్పిన 2012 నాటి పేపర్‌వైట్ పలకను సన్నము చేయుటలో స్పీకరు పోయినపుడు ఆ కంఠము కూడ పోయెను. పాట వినువానికి పోయినది వినోదము. అంధునికి పోయినది పుస్తకము. 2016లో ఒక చిన్న అడాప్టరు తగిలించుట ద్వారాను, తరువాత బ్లూటూత్ ద్వారాను ఆ కంఠము తిరిగి వచ్చెను. నాలుగేండ్లు మూగవడిన ఆ పలకను గూర్చి పత్రికలలో ప్రశంసలే కనబడెను. అది ఎంతో సన్నగా ఉన్నదని.

భారతదేశమున 2011 జనగణన ప్రకారము చూపు లోపము గలవారు 50 లక్షలకు పైబడి యున్నారు. వారికొరకు ఇక్కడ జరిగిన పని తక్కువది కాదు. 2012లో కాపీరైటు చట్టమును సవరించి, వికలాంగులు చదువుకొనదగిన రూపములోనికి పుస్తకమును మార్చుటకు హక్కుదారుని అనుమతి అక్కరలేకుండ చేసిరి. 2013 జూన్‌లో మొరాకో దేశపు మర్రకేష్ నగరములో ఇట్టి పుస్తకములను గూర్చి అంతర్జాతీయ ఒడంబడిక కుదిరెను. దానిని అందరికంటె ముందు, 2014లో, ధ్రువపరచిన దేశము భారతదేశమే. 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ అను ఆన్‌లైను గ్రంథాలయమును కేంద్ర ప్రభుత్వము ప్రారంభించెను. చట్టము దారి యిచ్చెను, గ్రంథాలయము తలుపు తెరచెను. మాటలాడుట తెలిసిన పలకలే ఇంకను పల్లెలకు చేరవలసియున్నవి.

తెలుగు విషయమునకు వచ్చినచో మొదటి అడ్డంకి పాట కాదు, బొమ్మ కాదు, అక్షరమే. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమును కంప్యూటరు ఆరు గుర్తులుగా దాచుకొనును: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుడి. ఈ ఆరింటిని చేర్చి ఒత్తులను క్రిందికి దింపి, గుడిని పైకి తీర్చి చూపు నేర్పు పలకలో ఉండవలెను. అది లేనిచో అక్షరములు తెగిపడిన పూసలవలె చెదరును. పైగా తెలుగు వంపుల భాష. ప, వ, ష అను మూడింటికిని భేదము చిన్న గీతలోనే కలదు. మొదటి కిండిల్ పుటలో అంగుళమునకు 167 చుక్కలుండెను. 2014లో వచ్చిన వోయేజ్ నాటికి 300 అయ్యెను. ఆంగ్లమునకు ఆ పెంపు సొగసు, తెలుగునకు అవసరము. అమెజాన్ 2016 డిసెంబరులో అయిదు భారతీయ భాషలలో కిండిల్ పుస్తకములను ఆరంభించెను: హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము. తెలుగు ఆ వరుసలో లేదు. అప్పటికే ఆ సంస్థ పలకలు సంగీతము వినిపించి తొమ్మిదేండ్లయ్యెను. అక్షరమునకు ముందు పాట వచ్చుట తెలుగు చదువరి దృష్టిలో ఎంత వింతయో చెప్పనక్కరలేదు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రణాళికలో వేలకొలది పాత తెలుగు పుస్తకములు స్కాను చేయబడినవి. అది గొప్ప సేవ. కాని అవి పుటల ఛాయాచిత్రములు. ఆరంగుళముల పలక మీద ఆ పుట కుదించుకొనిపోయి చీమలబారువలె కనబడును. అక్షరము పెద్దది చేసినచో పంక్తి అంచు దాటిపోవును. ఛాయాచిత్రములో మాటను వెదకలేరు, దానిని యంత్రము చదివి వినిపింపనూ లేదు. ఆ పుటలను చూచి మరల అక్షరములుగా టైపు చేసి, తప్పులు దిద్దుటకు తెలుగు వికీసోర్సులో స్వచ్ఛందముగా శ్రమించువారు కలరు. కంటికి కనబడని ఈ పని మీదనే మిగిలినదంతయు ఆధారపడియున్నది.

ఇక ఈ సంఘమువంటి సంఘముల ఇండ్లలో ఒక సంగతి. తండ్రి ఉద్యోగరీత్యా ఢిల్లీలోనో, కలకత్తాలోనో, భోపాలులోనో పెరిగిన తెలుగు పిల్లవాడు ఇంట తెలుగు మాటలాడును, తాతగారితో ఫోనులో చక్కగా మాటలాడును. తెలుగు పుస్తకము చేతికిచ్చినచో తెల్లబోవును. హిందీ అక్షరములు వచ్చును, ఆంగ్లము వచ్చును, తెలుగు చెవికి తెలియును గాని కంటికి తెలియదు. ఈ పిల్లవానికి కంఠము అలంకారము కాదు. అక్షరమునకు చేరుటకు అతనికున్న వంతెన అదియే. 2011లో వెలువడిన ఈపబ్ 3 అను ఈ-పుస్తక ప్రమాణములో ఇందుకు ఏర్పాటున్నది. ఒకరు చదివిన ధ్వనిని వాక్యము వాక్యమునకు వచనముతో ముడివేయుదురు. కంఠము ఏ వాక్యములోనున్నదో ఆ వాక్యము తెర మీద గుర్తింపబడును. వ్రేలు పెట్టి చదివించిన వీధిబడి పంతులుగారి పద్ధతియే ఇది. సాధారణ ఈ-రీడరులు దీనికి ఇంకను సిద్ధముగా లేవు గాని, వాక్యమునకొకసారి గుర్తు మార్చుట ఆ నెమ్మది సిరాకు మించిన పని కాదు. థోరియం రీడర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో కంప్యూటరు మీద ఇప్పటికే ఇట్టి పుస్తకములను చదువవచ్చును.

పుస్తకమేది అను ప్రశ్నకు కూడ జవాబు దూరమున లేదు. భారతీయ చట్టము ప్రకారము రచయిత మరణించిన మరుసటి సంవత్సరము మొదలుకొని 60 సంవత్సరములు గడచినచో, అతడు జీవించియుండగా ప్రకటించిన రచన ఎవరైనను అచ్చువేసికొనవచ్చును, చదివి వినిపింపవచ్చును. 1915లో గతించిన గురజాడవారి కథలు, 1919లో గతించిన వీరేశలింగముగారి నవల ఎప్పుడో స్వేచ్ఛ పొందినవి. 1946లో గతించిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి ‘గణపతి’ కూడ అట్టిదే. చిలకమర్తివారికి చూపు పోయిన పిమ్మట ఇతరులు చదువగా విని, తాము చెప్పుచు ఇతరులచేత వ్రాయించుచు సాహిత్యసేవ సాగించిరి. ‘గణపతి’ని ఒక సంఘములో సిద్ధము చేయుటకు ముగ్గురు చాలును. ఉచ్చారణ చక్కగా తెలిసినవారొకరు చదువవలెను. వచనమును అచ్చు ప్రతితో సరిచూచువారొకరు కావలెను. వాక్యమునకు వాక్యము ముడివేయుట ఎట్లో ఆ పిల్లవానికే నేర్పినచో మూడవవాడు అతడే కావచ్చును. ఆ పని ముగియునాటికి ఆ పుస్తకములోని ప్రతి వాక్యమును అతడు పలుమార్లు చూచియుండును.